కడుపునొప్పి – కనబడని కారణాలు

మా మాదన్నపేటలో కడుపునొప్పికి ఉన్నన్ని పేర్లు మరే బాధకూ లేవనిపిస్తుంది. కూరగాయల మండీలో మూటలు మోసే హమాలీని అడిగితే "గ్యాస్ వట్టింది బిడ్డా" అంటాడు. వాడకట్టు పెద్దమ్మ "బొడ్డు జరిగింది" అంటుంది. పరీక్షల ముందు మన విద్యార్థి మిత్రులకు వచ్చేదానికి "టెన్షన్" అని పేరు. మందుల షాపాయన మాత్రం అన్నిటికీ ఒకటే గోలీ ఇస్తాడు. గోలీ పనిచేయకపోతే డాక్టరు, రక్తపరీక్ష, స్కానింగు, ఆపైన గొట్టం పరీక్ష. ఇంత ఖర్చయ్యాక రిపోర్టులన్నీ నార్మల్ అని వస్తాయి. "నీకేం లేదు, పో" అంటారు. నొప్పి మాత్రం పోదు.

మిత్రులారా, ఈ "ఏం లేదు" అన్న మాటతో నాకు పేచీ ఉంది. నేను వైద్య విద్యార్థిని కాను. అయినా చదివి తెలుసుకున్నంత మేరకు చెప్పగలను: రిపోర్టులో కనబడని నొప్పి కూడా నొప్పే, దాన్ని కొలిచి చూసినవారూ ఉన్నారు.

పుండు, రాయి, గడ్డ ఏవీ లేకుండానే పేగు పని తీరు తప్పడాన్ని వైద్యులు ఫంక్షనల్ వ్యాధి అంటారు. వీటిలో అందరికీ తెలిసింది ఐ.బి.ఎస్., అనగా ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్. స్కానింగు ఇంటి గోడలను చూపుతుంది గాని వైర్లలో పోయే కరెంటును చూపదు కదా! పేగు గోడలో కోట్లాది నరకణాలున్నాయి. అవి మెదడుతో ఎడతెగకుండా మాట్లాడుతూనే ఉంటాయి. ఆ సంభాషణలో గొంతు పెరిగితే, మామూలుగా మనకు తెలియనే తెలియని పేగు కదలిక కూడా నొప్పిగా తెలుస్తుంది.

1973లో రిచీ అనే పరిశోధకుడు దీన్ని పరీక్షించాడు. పెద్దపేగు చివరి భాగంలో చిన్న బెలూను పెట్టి గాలి నింపాడు. ఒకే పరిమాణానికి ఐ.బి.ఎస్. రోగుల్లో సగానికి పైగా నొప్పి అన్నారు. మామూలు మనుషుల్లో అలా అన్నవారు బహు కొద్దిమంది. బెలూను ఒకటే, తేడా నరాలలో ఉంది. 1978లో బ్రిస్టల్ నగరంలో మానింగ్, ఆయన సహచరులు మరో దారి పట్టారు. రోగులను ఓపికగా ప్రశ్నలడిగి, విరేచనమయ్యాక నొప్పి తగ్గడం, నొప్పి మొదలయ్యాక విరేచనాలు పలచబడడం, కడుపు ఉబ్బడం వంటి గుర్తులు ఈ వ్యాధిలో ఎక్కువని తేల్చారు. మిషను లేకుండా, వినడం వల్లనే తేలిన సంగతి ఇది.

ఐతే సీమ లెక్కలు మన కడుపులకు అన్నివేళలా సరిపోవు. వారానికి మూడుసార్ల కన్నా తక్కువైతే మలబద్ధకం అని పడమటి దేశాల కొలత. మన దేశంలో దాదాపు అందరూ రోజూ వెళ్ళేవారే. రోజూ వెళ్ళినా "సాఫీగా కాలేదు" అని బాధపడేవాడిని ఆ కొలత రోగిగా గుర్తించదు. 2008లో ఇండియన్ సొసైటీ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ తరఫున 2,785 మంది రోగులను, 4,500 మంది సామాన్య జనాన్ని పరిశీలించిన నివేదిక వెలువడింది. జనంలో 4.2 శాతం మందికి ఐ.బి.ఎస్. ఉన్నదని తేలింది. అంటే నూరుమంది కూర్చున్న క్లాసులో నలుగురు!

మరి ఈ నరాలకు కోపం ఎందుకు వస్తుంది? ఒక కారణం పాత జబ్బు. కలుషిత నీరు తాగి వాంతులు, విరేచనాలు పట్టుకున్నవారిలో సుమారు పదిమందికి ఒకరు, క్రిములు పోయాక కూడా నెలల తరబడి కడుపు పట్టుకొని తిరుగుతారు. 2009 మే నెలలో మన నగరంలోనే భోలక్‌పూర్‌లో నీళ్ళ ద్వారా కలరా వచ్చింది. అలాంటప్పుడు లెక్కకెక్కేవి చావులు, ఆస్పత్రి చేరికలే. ఆరునెలల తర్వాత కూడా కడుపు నొచ్చేవాడు ఏ లెక్కలోకీ రాడు. 2021లో బెల్జియంలోని లూవెన్ శాస్త్రజ్ఞులు దీనికి ఒక ఆచూకీ చూపించారు. పేగులో క్రిములు చేరిన సమయంలో తిన్న ఆహారాన్ని కూడా శరీరం శత్రువుగా గుర్తుపెట్టుకోవచ్చునట. ఎలుకల్లో చూశాక, పన్నెండుమంది రోగుల పేగుపొరలో గోధుమ, పాలు, సోయా వంటివి సూదితో ఎక్కిస్తే అందరికీ ఏదో ఒకదానికి అక్కడే వాపు కనబడింది. ఆరోగ్యవంతులు ఎనిమిదిమందిలో ఇద్దరికే అలా జరిగింది.

పాల మాట వచ్చింది గనుక మన చాయ్ సంగతీ చెప్పాలి. పాలలోని చక్కెరను అరిగించే లాక్టేజ్ అనే ఎంజైము పెద్దయ్యాక చాలామందిలో తగ్గిపోతుంది. ఇది ఐ.బి.ఎస్. కాదు, కాని చూడడానికి అచ్చం అలాగే ఉంటుంది. మన యూనివర్సిటీ పొరుగునే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ నుంచి వినోదినీ రెడ్డి గారు 1972లోనే భారతీయుల్లో లాక్టేజ్ లోపంపై పరిశోధన ప్రచురించారు. 2011లో వెలువడిన మరో పరిశోధనలో మన సి.సి.ఎం.బి. వారు కూడా పాల్గొన్నారు. పాలు అరిగించుకొనే జన్యువు దేశంలో వాయవ్య దిక్కున ఎక్కువనీ, దక్షిణానికి, తూర్పుకు వచ్చేకొద్దీ తక్కువనీ అందులో తేలింది. కావున పొద్దుటి నుంచి ఆరు చాయ్‌లు తాగి "గ్యాస్" అనేవాళ్ళు ఓ రెండువారాలు సులేమానీకి మారి చూడడం గొట్టం పరీక్ష కన్నా చవక.

"అంతా మనసులోనే ఉంది" అనేవారికి ఒక ముచ్చట. 2010లో హార్వర్డ్‌కు చెందిన కాప్చుక్ బృందం 80 మంది రోగులను తీసుకొని, కొందరికి "ఇందులో మందు లేదు" అని ముందే చెప్పి ఉత్తుత్తి గోలీలిచ్చింది. మూడువారాల్లో వారిలో 59 శాతం మందికి తగినంత ఉపశమనం కలిగింది. గోలీ లేనివారిలో 35 శాతమే. దీన్నిబట్టి నొప్పి అబద్ధమనుకోవడం తప్పు. మెదడుకూ పేగుకూ మధ్య దారి రెండువైపులా నడుస్తుంది. ఓపికగా విని, విషయం విప్పి చెప్పే వైద్యుడు కూడా ఆ దారిలో కొంత పని చేస్తాడని నా అభిప్రాయం. నాలుగు నిమిషాల్లో చీటీ రాసేచోట అది కుదరదు.

ఇదంతా చదివి ఎవరికి వారే "నాది నరాల సంగతే" అని ఇంట్లో కూర్చోవద్దు. మలంలో రక్తం, నల్లటి విరేచనం, కారణం లేకుండా బరువు తగ్గడం, జ్వరం, రక్తహీనత, నిద్రలోంచి లేపే నొప్పి, యాభై దాటాక కొత్తగా మొదలైన బాధ – వీటిలో ఏది ఉన్నా గ్యాస్ గోలీ పక్కన పెట్టి, వెంటనే డాక్టరుకు చూపించుకోవలసిందే.