పది వాట్లతో పెళ్లి రిసెప్షన్

చిన్న ఆంప్ పట్టుకుని స్టేజి ఎక్కే గిటారిస్టుని చూస్తే మైక్‌సెట్ కుర్రాళ్లకి ఒకటే అనుమానం. "మాష్టారూ, ఇది ఇంట్లో వాయించుకునేది కదండీ?" అంటారు. నిజమే, ఇంట్లో వాయించుకునేదే. ఆరంగుళాల స్పీకరు, పది వాట్ల పవరు, స్కూటీలో కాళ్ల దగ్గర పట్టేసే పెట్టె. కంపెనీవాళ్లు కూడా దాన్ని ప్రాక్టీస్ ఆంప్ అనే అమ్ముతారు. విజయవాడ చుట్టుపక్కల రిసెప్షన్లలో, ఆదివారం చర్చి ఆరాధనలో, అప్పుడప్పుడు కాఫీ షాపుల్లో నేను వాయించేది దాంతోనే.

నా దగ్గర నేర్చుకునే పిల్లలు మొదటి ప్రోగ్రాం ఒప్పుకోగానే "సార్, వంద వాట్ల ఆంప్ కొనాలా?" అని వచ్చేస్తారు. అక్కర్లేదంటాను. హాలు నింపడం మైక్‌సెట్ పని. గిటారుకి మంచి గొంతు ఇవ్వడం, ఆ గొంతు వాయించేవాడి చెవిన పడేలా చూడడం ఆంప్ పని. సరిగ్గా వాడుకుంటే ఈ రెండింటికీ పది వాట్లు సరిపోతాయి.

వాట్ల లెక్క వేరు, చెవి లెక్క వేరు

వంద వాట్లంటే పది వాట్లకి పదింతల మోత అనుకుంటాం. చెవి అలా లెక్కపెట్టదు. పవర్ రెట్టింపైతే శబ్దం 3 డెసిబెల్స్ పెరుగుతుంది, పదింతలైతే 10 డెసిబెల్స్. ఆ 10 డెసిబెల్స్ తేడా మనకి సుమారుగా రెండింతల మోతగా తోస్తుంది. పదింతల పవరు మోసుకొచ్చినా చెవికి దక్కేది రెండింతలే. అదీ రెండు ఆంప్‌లలోనూ ఒకే రకం స్పీకరు ఉంటేనే.

స్పీకర్లు ఒకే రకంగా ఉండవు. ఒక వాట్ ఇచ్చి మీటరు దూరంలో కొలిస్తే ఒక్కో స్పీకరు ఒక్కోలా పలుకుతుంది. రాక్ గిటారిస్టులకి బాగా తెలిసిన సెలెస్షన్ కంపెనీ వింటేజ్ 30 పన్నెండంగుళాల స్పీకరు. ఒక్క వాట్‌కే 100 డెసిబెల్స్ ఇస్తుంది. ఒక వాట్‌కి 90 డెసిబెల్సే ఇచ్చే స్పీకరు అంత మోగాలంటే 10 వాట్లు కావాలి. అందుకే కొట్లో వాట్ల అంకె చూసి మురిసిపోకుండా స్పీకరు ఎంతదో, ఎలా పలుకుతోందో చూడమంటాను. అదే ధరలో ఎనిమిదంగుళాలది దొరికితే ముందు అదే వాయించి చూడాలి.

ఇక దూరం సంగతి. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ పడిపోతాయి. మీటరు దగ్గర 100 ఉన్న శబ్దం పదహారు మీటర్ల దగ్గర 76కి దిగుతుంది. రిసెప్షన్‌లో భోజనాల వైపు జనం మాటల్లో అది కలిసిపోతుంది. వాళ్లకి వినపడాలని ఆంప్ పెంచితే ముందు సోఫాల్లో కూర్చున్న పెద్దలు చెవులు మూసుకుంటారు. ఇది ఎన్ని వాట్లు తెచ్చినా తీరే ఇబ్బంది కాదు. శబ్దాన్ని నాలుగు చోట్ల పెట్టిన బాక్సులకి పంచితేనే తీరుతుంది.

పెద్ద ఆంప్‌ల కాలం

అలా పంచే మైక్‌సెట్లు లేని రోజుల్లో పుట్టినవే పెద్ద ఆంప్‌లు. 1960లలో స్టేజి మైకులు ఎక్కువగా పాడేవాళ్లకే. గిటారు ఎంత దూరం వినపడాలన్నా ఆంప్ నుంచే వెళ్లాలి. 1965 ఆగస్టు 15న న్యూయార్క్ షియా స్టేడియంలో బీటిల్స్ 55,000 మందికి పైగా జనం ముందు వాయించారు. వాక్స్ కంపెనీ ఆ టూర్‌కి వంద వాట్ల ఆంప్‌లు ఇచ్చింది. అయినా అభిమానుల కేకల్లో పాట మునిగిపోయింది. ఆ రోజుల్లోనే ‘ది హూ’ బృందంలోని పీట్ టౌన్షెండ్ ఇంకా మోత కావాలని పట్టుబడితే లండన్‌లో జిమ్ మార్షల్ వంద వాట్ల ఆంప్ తయారుచేసి ఇచ్చాడు. పోస్టర్లలో గిటారిస్టు వెనక గోడలా కనిపించే నల్ల పెట్టెల ఫ్యాషన్ అక్కడి నుంచి వచ్చిందే.

రికార్డింగు గదుల్లో మాత్రం చిన్నవాటి పని చిన్నవి చేస్తూనే ఉన్నాయి. 1970లో ‘లైలా’ ఆల్బమ్‌కి ఎరిక్ క్లాప్టన్ వాడినది ఫెండర్ చాంప్. అది 5 వాట్ల ఆంప్. క్వీన్ బృందంలో బేస్ వాయించిన జాన్ డీకన్, పారేసిన సామానులో దొరికిన రేడియో సర్క్యూట్ బోర్డుతో ఒక ఆంప్ కట్టాడు. బ్యాటరీతో నడిచే ఆ పెట్టె ఒక వాట్ కూడా ఇవ్వదు. అదే బృందం గిటారిస్టు బ్రయన్ మే దాన్ని ఎన్నో రికార్డుల్లో వాడాడు. అందరూ దాన్ని డీకీ ఆంప్ అంటారు. రికార్డింగులో ఆంప్ ముందు మైకు ఉంటుంది కాబట్టి అది చిన్నదా పెద్దదా అన్నది వినేవాడికి తెలియదు. ఇవాళ మన ఫంక్షన్ హాల్లోనూ ఆంప్ ముందు మైకు పెట్టొచ్చు.

ఎక్కడ పెట్టాలి, మీటలు ఎలా తిప్పాలి

నేల మీద పెట్టి పక్కనే నిలబడితే శబ్దం మోకాళ్లకి తగులుతుంది, చెవికి అందదు. గిటారు స్పీకరులో పైస్థాయి శబ్దం టార్చిలైటు వెలుగులా నేరుగా ముందుకే పోతుంది. పక్కన నిలబడ్డవాడికి మొద్దుగా వినపడి ట్రెబుల్ పెంచుతాడు. ఎదురుగా కూర్చున్నవాళ్లకేమో చెవిలో గుచ్చుతుంది. కుర్చీ మీద పెట్టి, ముందువైపు కింద పుస్తకమో చెక్కో ఆనించి, స్పీకరు మన ముఖానికేసి చూసేలా వెనక్కి వంచాలి. అప్పుడు మనం వినేదీ మైకు వినేదీ ఒకటవుతుంది. కుర్చీ ఊగకుండా చూసుకోవాలి.

ఇంట్లో ఒంటరిగా వాయించేటప్పుడు బాస్, ట్రెబుల్ బాగా పెంచి మిడ్ తగ్గిస్తే నిండుగా, మెరుపుగా ఉంటుంది. బృందంలో ఆ గొంతు మాయమైపోతుంది. కింది చోటంతా బేస్ గిటారూ, కిక్ డ్రమ్మూ, కీబోర్డు ఎడమ చెయ్యీ ఆక్రమిస్తాయి. పైచోటు తాళాలది. గిటారుకి మిగిలేది మధ్యలోని చోటే. అందుకని స్టేజి మీద బాస్ తగ్గించి మిడ్ పెంచుతాను. విడిగా వింటే కాస్త ముక్కుతో పాడినట్టుంటుంది, పాటలో కలిస్తే ప్రతి తీగా విడివిడిగా వినపడుతుంది. గిటారు లావుపాటి తీగ 82 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. అంత కింది స్వరం ఆరంగుళాల స్పీకరుకి నిండుగా పలకదు. బృందంలో ఆ లోటు బేస్ గిటారు కప్పేస్తుంది.

గెయిన్ కూడా ఇంట్లో పెట్టుకున్నదానికన్నా తగ్గించాలి. వాల్యూమ్ చివరికంటా తిప్పితే ట్రాన్సిస్టర్ ఆంప్ చాలావరకు పగిలినట్టు పలుకుతుంది. ముప్పావు దగ్గర ఆపి, మిగతాది మైక్‌సెట్‌కి వదిలెయ్యడం మంచిది.

ముందున్న మైకు

గిటారు ఆంప్ ముందు పెట్టడానికి షూర్ ఎస్‌ఎమ్57 ప్రపంచమంతా తెలిసిన మైకు. 1965 నుంచీ ఉంది. అది లేకపోయినా పాటకి వాడే మామూలు డైనమిక్ మైకు పనికొస్తుంది. స్పీకరు బట్టకి రెండు మూడు అంగుళాల దూరంలో స్టాండుతో నిలపాలి. మధ్యకి గురిపెడితే గొంతు పదునుగా, అంచువైపు జరిపితే మెత్తగా వస్తుంది. మిక్సర్ దగ్గర మీటలు తిప్పేకన్నా ముందు మైకునే ఒక అంగుళం అటూ ఇటూ జరిపి వినండి.

మైకు దొరక్కపోతే లైన్ అవుట్ ఉందేమో చూసుకోవాలి. కొన్ని ఆంప్‌లలో హెడ్‌ఫోన్ జాక్‌నే అందుకు వాడొచ్చు, అయితే చాలావాటిలో ప్లగ్గు దూర్చగానే లోపలి స్పీకరు ఆగిపోతుంది. అప్పుడు మానిటర్ బాక్స్ అడగాలి. హెడ్‌ఫోన్ జాక్ స్టీరియోది. మామూలు గిటారు కేబుల్ దూర్చితే ఒక చానల్ షార్ట్ అవుతుంది కాబట్టి స్టీరియో ప్లగ్గున్న కేబులే వాడాలి. స్పీకరుకి వెళ్లే వైరుని మాత్రం మిక్సర్‌కి ఎప్పుడూ కలపకూడదు, మిక్సర్ పాడవుతుంది.

ఆంప్ మానేసి డిస్టార్షన్ పెడల్ నుంచి నేరుగా మిక్సర్‌కి ఇచ్చేవాళ్లూ ఉన్నారు. అలా ఇస్తే గొంతు జుయ్యిమని గీరుతుంది. సుమారు 5,000 హెర్ట్జ్ పైనున్న కరుకుని గిటారు స్పీకరు తనంతట తానే అణిచేస్తుంది, బాక్సులు అణచవు. చిన్న ఆంప్‌కైనా మైకు పెట్టడంలో ఉన్న లాభం అదే.

కరెంటు దగ్గర జాగ్రత్త

సీరియల్ లైట్లూ, డిమ్మర్లూ ఉన్న మండపంలో సింగిల్ కాయిల్ పికప్ గిటారు గుయ్యిమంటుంది. హంబకర్ పికప్ ఆ గొడవ చాలావరకు తగ్గిస్తుంది. మోతకి విసిగి ప్లగ్గులో ఎర్త్ పిన్ను పీకేసేవాళ్లని చూశాను. అది ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. 1972లో వేల్స్‌లోని స్వాన్సీలో స్టోన్ ది క్రోస్ బృందం గిటారిస్టు లెస్ హార్వీ ఎర్తింగ్ సరిగా లేని మైకు ముట్టుకుని స్టేజి మీదే చనిపోయాడు. ఒక చేత్తో తీగలు పట్టుకుని పెదవులు మైకుకి ఆనించేవాడికి ఈ ప్రమాదం మరీ ఎక్కువ. అందుకే నా ఆంప్ ప్లగ్గు మిక్సర్‌కి కరెంటు వచ్చే బోర్డులోనే పెట్టమని అడుగుతాను. రోలాండ్ మైక్రో క్యూబ్ లాంటి బ్యాటరీ ఆంప్ ఆరు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది. జనరేటర్ పడకేసినా ఆగదు.

ఎక్కడ చాలదు

చిన్న ఆంప్ ఓడిపోయే చోట్లూ ఉన్నాయి. డ్రమ్ముల వాయింపు మీటరు దూరంలో 100 డెసిబెల్స్ తేలిగ్గా దాటుతుంది. ఆంప్‌కి మైకు పెట్టకుండా డ్రమ్ముల పక్కన వాయిస్తే గిటారు ఉందో లేదో ఎవరికీ తెలియదు. ప్యాడ్లూ, తబలా, కాహోన్ ఉన్న బృందమైతే ఇబ్బంది లేదు. మైక్‌సెట్ లేని మైదానంలోనూ చిన్న ఆంప్ చాలదు.

ముప్ఫై నలభై మంది పట్టే కాఫీ షాపులో మాత్రం ఒక గొంతూ, ఒక గిటారూ అయితే మైకు కూడా అక్కర్లేదు. మేడ మీద కార్యక్రమమైతే ఒక లాభం ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. అసలు మోతే తక్కువైతే పొద్దున్నే పక్కింటివాళ్లతో పేచీ కూడా తక్కువే.

కొత్త పిల్లలకి నేనిచ్చే సలహా ఒకటి. చేతిలో ఐదారు వేలుంటే పెద్ద ఆంప్ వాయిదాల్లో కట్టకండి. ఉన్న ఆంప్‌కి పొట్టి మైకు స్టాండు, సొంత డైనమిక్ మైకు, గట్టి కేబుల్ కొనుక్కోండి. సౌండ్ చూసుకునే అన్నకి ముందే ఫోన్ చేసి గిటారుకి ఒక చానల్ ఉంచమని చెప్పండి. గంట ముందు వెళ్లి తోటివాడితో నాలుగు పల్లవులు వాయించి చూసుకోండి, ఒకరిని చివరి వరుస దాకా నడిపించి ఏం వినపడుతోందో అడగండి. ఇన్ని చేశాక కూడా గిటారు వినపడలేదంటే, అప్పుడు వంద వాట్ల సంగతి మాట్లాడుకుందాం.