కిలోమీటర్లు కాదు.. కూర్చునే గంటలు చూడండి

‘అమెరికా ఎంత దూరం?’ అని ఎవరూ అడగరు. ‘ఎన్ని గంటలు పడుతుంది డాక్టర్‌గారూ, అమ్మ తట్టుకుంటుందా?’ అనే అడుగుతారు. పాతబస్తీలో మా ఓపీకి వచ్చే ఉమ్రా ప్రయాణికులదీ, కూతురి కాన్పుకి అమెరికా వెళ్లే తల్లులదీ ఇదే ప్రశ్న.

హైదరాబాద్ నుంచి జెడ్డా సుమారు 4 వేల కిలోమీటర్లు. నేరుగా వెళితే దాదాపు ఆరు గంటలు. షికాగో 13 వేల కిలోమీటర్ల పైమాటే. 2021 జనవరిలో ఎయిరిండియా నేరుగా విమానం మొదలుపెట్టినప్పుడు గాలిలోనే సుమారు 16 గంటలు. దోహాలోనో దుబాయ్‌లోనో మారి వెళితే ఇంటి నుంచి ఇంటికి ఒక రోజు దాటుతుంది. అందులో కదలకుండా కూర్చునేది ఎన్ని గంటలన్నదే నాకు ముఖ్యం.

కాళ్లు వేలాడేసి కూర్చుంటే పిక్క కండరాలు పనిచేయవు. రక్తాన్ని పైకి నెట్టే పంపు అవే. అది ఆగితే సిరల్లో రక్తం నిలిచి గడ్డకట్టవచ్చు. నాలుగు గంటలు మించిన ప్రయాణంతో ఈ ముప్పు దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. విమానమే కాదు, రైలు, కారు, తిరుపతి బస్సు కూడా ఇందులోకే వస్తాయి. అయినా ఆరోగ్యవంతుల్లో ఇది సుమారు ఆరు వేల మందిలో ఒకరికే. భయపడి టికెట్ రద్దు చేసుకోనక్కర్లేదు. ఊబకాయం, క్యాన్సర్, గర్భం, ఈమధ్యే జరిగిన ఆపరేషన్, గర్భనిరోధక మాత్రలు, గతంలో గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లు మాత్రం ముందుగా డాక్టర్‌ని కలవాలి.

ఆ మధ్య ఒక అరవయ్యేళ్ల ఆవిడ అమెరికా నుంచి తిరిగొచ్చారు. ఒక్క కాలే వాచింది. ప్రయాణ బడలిక అనుకుని రెండు రోజులు కోడలి చేత బామ్ రాయించి గట్టిగా పిసికించుకున్నారు. మూడో రోజు ఆయాసంతో వచ్చారు. గడ్డ ఊపిరితిత్తికి చేరింది. బతికారు కానీ ఆర్నెల్లు మందులు వాడాల్సి వచ్చింది. ప్రయాణం తర్వాత కొన్ని వారాల దాకా ఒక పిక్క వాచి నొప్పెడుతుంటే మర్దన చేయకండి, ఆస్పత్రికి రండి. ఆయాసమో ఛాతీలో నొప్పో వస్తే క్షణం ఆగొద్దు.

విమానంలో గంట, రెండు గంటలకోసారి లేచి నాలుగడుగులు వేయండి. కూర్చున్నచోటే మడమలు పైకీ కిందికీ ఆడించండి. బాత్రూమ్‌కి వెళ్లాల్సి వస్తుందని నీళ్లు మానేయడం మన అమ్మలకి అలవాటు. అది వద్దు. నిద్రమాత్ర వేసుకుని 10 గంటలు కదలకుండా పడుకోవడం మరీ ప్రమాదం. పక్కింటివాళ్లు చెప్పారని ఆస్పిరిన్ మింగకండి.

షుగర్ ఉన్నవాళ్లకి ఇంకో చిక్కుంది. షికాగో గడియారం మనకంటే వేసవిలో 10:30, చలికాలంలో 11:30 గంటలు వెనక. పడమటికి వెళ్లేకొద్దీ రోజు సాగుతుంది. ఇన్సులిన్ ఎప్పుడు, ఎంత అన్నది మనిషిని బట్టి లెక్క వేయాలి. ఇన్సులిన్‌ని పెద్ద సూట్‌కేసులో పెట్టొద్దు, కింద సరుకుల గదిలో గడ్డకట్టి పాడవ్వచ్చు. చీటీతో సహా చేతిసంచిలోనే ఉండాలి.

అందుకే టికెట్ కాపీ తెమ్మంటాను. మొన్న ఒకావిడ తెస్తే, దోహాలో మూడు గంటల విరామం చుట్టూ పెన్నుతో గీసి ‘ఇక్కడ కూర్చోవద్దు, నడవండి’ అని రాశాను. ‘అక్కడ కూడా నడిపిస్తారా సార్!’ అని నవ్వారు.