పేదలెవరో ఫోను చెప్పగలదా?

పేదలకు నగదు సాయం ప్రకటించడం తేలికే. ఆ పేదలెవరో తేల్చే దగ్గరే ప్రభుత్వాలు తడబడతాయి. చిన్న వ్యాపారం, కూలి, సొంత సేద్యం మీదే జనం బతికే దేశాల్లో ఎవరి సంపాదన ఎంతో ఏ కాగితంలోనూ ఉండదు. ఇంటింటికీ మనుషుల్ని పంపి రాయించాలంటే బోలెడంత ఖర్చు, ఏళ్ల తరబడి సమయం కావాలి. అంతా చేసి రాయించిన లెక్క కొన్నేళ్లకే పాతబడిపోతుంది. 2020లో కోవిడ్ విరుచుకుపడినప్పుడు పశ్చిమాఫ్రికాలోని టోగోకు ఆ వ్యవధి కూడా దొరకలేదు. ఘనా, బెనిన్‌ల మధ్య సన్నగా నిలువుగా సాగిన ఈ దేశంలో అప్పట్లో జనాభా 80 లక్షలకు కాస్త అటూ ఇటూ. వారిలో సగానికి పైగా అంతర్జాతీయ దారిద్ర్యరేఖకు దిగువనే ఉండేవారు.

ఏప్రిల్ 8న అక్కడి ప్రభుత్వం ‘నోవిస్సీ’ అనే పథకం మొదలుపెట్టింది. ఎవే భాషలో ఆ మాటకు సంఘీభావం అని అర్థం. స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు. బటన్ల ఫోన్లో *855# నొక్కి, ఓటరు కార్డు వివరాలు ఇస్తే చాలు. అర్హత ఉందని తేలితే నిమిషాల్లో మొబైల్ ఖాతాలో డబ్బు పడేది. రాజధాని లోమే ప్రాంతంలో మహిళలకు నెలకు 12,250 సీఎఫ్‌ఏ ఫ్రాంకులు, పురుషులకు 10,500 ఫ్రాంకులు. ఇంటి ఖర్చు మోసేది ఎక్కువగా ఆడవారేనన్న ఆలోచనతో వారి వాటా కొంచెం పెంచారు. డిజిటల్ వ్యవహారాల మంత్రి సినా లాసన్ ఈ పథకాన్ని ముందుండి నడిపారు.

అర్హత తేల్చడానికి తొలి దశలో దొరికిన ఆధారం ఓటర్ల జాబితా. 2020 ఫిబ్రవరిలో అధ్యక్ష ఎన్నికలు జరిగాయి కనుక అది కొత్తగా సరిచేసి ఉంది, వయోజనుల్లో అత్యధికులు అందులో ఉన్నారు. పైగా ప్రతి పేరు పక్కనా వృత్తి రాసి ఉంది. లాక్‌డౌన్‌తో పని పోయిన దర్జీని, క్షురకుణ్ణి, టాక్సీ డ్రైవరును గుర్తించడానికి నగరంలో అది బాగానే పనికొచ్చింది. పల్లెలకు వచ్చేసరికి చిక్కొచ్చిపడింది. అందరి పేరు పక్కనా రైతు అనే ఉంటే వారిలో ఎవరు మరీ పేదలో ఆ జాబితా చెప్పలేదు.

ఇక్కడే పరిశోధకులు రంగంలోకి దిగారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ ప్రాంగణంలో పనిచేసే జాషువా బ్లూమెన్‌స్టాక్, కంప్యూటర్ సైన్స్ వైపు నుంచి వచ్చిన ఎమిలీ ఐకెన్, ఆర్థికవేత్తలు సూజన్ బెల్యూ, డీన్ కార్లన్, క్రిస్టఫర్ ఉడ్రీ ఒక జట్టయ్యారు. ఉడ్రీ దశాబ్దాలుగా పశ్చిమాఫ్రికా పల్లెల వ్యవసాయాన్ని పరిశీలిస్తున్న మనిషి. కార్లన్ క్షేత్రస్థాయి ప్రయోగాలు నడిపే ‘ఇన్నోవేషన్స్ ఫర్ పావర్టీ యాక్షన్’ సంస్థ వ్యవస్థాపకుడు. పల్లెల్లో పంచడానికి డబ్బు ‘గివ్‌డైరెక్ట్‌లీ’ అనే స్వచ్ఛంద సంస్థ నుంచి వచ్చింది. కంప్యూటర్ నిపుణులు మాత్రమే కూర్చుంటే లెక్క కుదిరేదేమో గానీ, ఆ లెక్క దేన్ని కొలవాలో తేలేది కాదు. పేదరికమంటే తక్కువ ఆదాయమా, తక్కువ ఖర్చా, ఆస్తి లేకపోవడమా అన్నది ఆర్థికశాస్త్రం దశాబ్దాలుగా తల బద్దలు కొట్టుకుంటున్న ప్రశ్న.

వీరి పనికి పునాది అప్పటికే పడి ఉంది. రువాండాలో మొబైల్ కాల్ రికార్డుల నుంచి చందాదారుల ఆర్థిక స్థితిని అంచనా వేయవచ్చని బ్లూమెన్‌స్టాక్ బృందం 2015లో ‘సైన్స్’ పత్రికలో చూపించింది. మరుసటి ఏడాది అదే పత్రికలో స్టాన్‌ఫర్డ్ బృందం ఉపగ్రహ చిత్రాలతో ఐదు ఆఫ్రికా దేశాల్లో అలాంటి అంచనానే కట్టింది. ఆ బృందంలోనూ కంప్యూటర్ శాస్త్రవేత్తలు, భూమి, వ్యవసాయం, ఆర్థిక విషయాలు చదివినవారు కలిసి పనిచేశారు. అవి రెండూ పత్రికల్లో అచ్చయిన పరిశోధనలు. నిజంగా డబ్బు పంచే చోట ఆ పద్ధతి నిలుస్తుందా అన్నది టోగోలో తేలాల్సి వచ్చింది.

పని రెండు మెట్లుగా సాగింది. మొదట ఏ ప్రాంతాలు అని తేల్చారు. టోగోలో 397 కాంటన్లు ఉన్నాయి. అవి మన మండలాల్లాంటివి అనుకోవచ్చు. ఆకాశం నుంచి తీసిన చిత్రాల్లో ఇళ్ల కప్పులు, రోడ్లు, పొలాల తీరు కనిపిస్తాయి. రేకుల కప్పుల మీద పడిన ఎండ మెరుస్తుంది, గడ్డి కప్పులు నేలలో కలిసిపోయి కనిపిస్తాయి. ఇంటింటి సర్వేల్లో రాసుకున్న సంపద వివరాల పక్కన ఈ చిత్రాలను పెట్టి యంత్రానికి నేర్పిస్తే, సర్వే జరగని చోట్ల కూడా అది అంచనా కట్టగలదు. అలా దేశాన్ని 2.4 కిలోమీటర్ల గళ్లుగా విడగొట్టి సంపద పటం గీసి, అన్నిటికన్నా పేదవైన 100 కాంటన్లను ఎంచుకున్నారు.

రెండో మెట్టు ఆ కాంటన్లలో ఎవరు అన్నది. 2020 సెప్టెంబరులో 10,000 మందికి ఫోన్లు చేసి ఇల్లు, కుటుంబం, చదువు, ఆస్తుల గురించి అడిగారు. ఆ జవాబుల నుంచి ఒక్కొక్కరి రోజువారీ ఖర్చు అంచనా కట్టారు. తర్వాత వారి ఫోన్ వాడకపు రికార్డులను ఆ అంచనా పక్కన పెట్టారు. రోజుకు ఎన్ని కాల్స్, ఎంతమందితో, ఏ వేళల్లో, విదేశాలకు చేస్తారా, రీచార్జి ఎంతెంత, డేటా వాడతారా, ఎన్ని టవర్ల పరిధిలో తిరుగుతారు వంటివి వందల లక్షణాలు అందులో ఉన్నాయి. మాట్లాడుకున్న మాటలు గానీ సందేశాల్లో రాసినవి గానీ అందులో లేవు. ఏ వాడకం ఏ స్థాయి ఖర్చుతో కలిసి కనిపిస్తుందో యంత్రం నేర్చుకున్నాక, పథకంలో నమోదైన మిగతావారికి ఆ సూత్రాన్ని వర్తింపజేశారు. రోజుకు 1.25 డాలర్ల లోపు ఖర్చు చేస్తారని అంచనా వచ్చినవారికి సాయం మంజూరైంది. ఐదు నెలల పాటు నెలకు మహిళలకు 8,620, పురుషులకు 7,450 ఫ్రాంకులు అందాయి.

ఫలితాలు 2022లో ‘నేచర్’ పత్రికలో వచ్చాయి. ఆ సమయంలో టోగో ప్రభుత్వానికి అందుబాటులో ఉన్న ఇతర మార్గం ప్రాంతాన్ని బట్టి పంచడం. దానితో పోలిస్తే, అర్హులై ఉండి జాబితాకెక్కని వారి సంఖ్యను ఫోన్ పద్ధతి 4 నుంచి 21 శాతం తగ్గించింది. అయితే దేశమంతటా ఇంటింటి వివరాలతో తయారైన సమగ్ర రిజిస్టరు ఉండి ఉంటే, దానితో పోల్చినప్పుడు ఇదే పద్ధతిలో అలా వదిలేసేవారి సంఖ్య 9 నుంచి 35 శాతం పెరిగి ఉండేది. ఈ రెండు అంకెల్లో మొదటిదే పత్రికల్లో ఎక్కువగా కనిపిస్తుంది. రెండోది చదవకుండా మొదటిది చదవడం ప్రమాదం. ఎంత బాగా చేసినా, నిజంగా అట్టడుగున ఉన్నవారిలో దాదాపు సగం మంది ఈ వడపోతలో జారిపోయారు. అత్యవసరంలో, చేతిలో మరేదీ లేనప్పుడు పనికొచ్చే పనిముట్టుగానే పరిశోధకులు కూడా దీన్ని చూపించారు.

జారిపోయేవారిలో ముందుండేది ఫోనే లేనివారు. అప్పట్లో టోగోలో ఫోను ఉన్న కుటుంబాలు 85 శాతమైనా, సొంత ఫోను ఉన్న మనుషులు 65 శాతమే. ఒకే సిమ్‌ను ఇద్దరు ముగ్గురు వాడుకునే ఇళ్లలో ఆ రికార్డు ఎవరి పేదరికాన్ని చెబుతున్నట్టు? స్త్రీలు, పురుషులు, వేర్వేరు తెగలు, మతాల మధ్య తేడాలు వస్తున్నాయా అని బృందం విడిగా పరీక్షించింది. ఏ ఒక్క వర్గానికీ ప్రత్యేకంగా అన్యాయం జరిగినట్టు కనిపించలేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఏ వాడకం వల్ల డబ్బొస్తుందో జనానికి తెలిస్తే ఫోను వాడే తీరే మారిపోతుంది. తెలియనివ్వకపోతే, తన పేరు ఎందుకు రాలేదని అడిగిన మనిషికి చెప్పడానికి అధికారి దగ్గర జవాబుండదు.

ఈ కథలో అంతగా ప్రచారం కాని భాగం ఒకటుంది. డబ్బు అందాక బతుకుల్లో ఏం మారిందో కూడా ఫోన్ రికార్డులే చెబుతాయేమో అని ఇదే బృందం తర్వాత పరీక్షించింది. నేరుగా అడిగి చేసిన సర్వేలో తిండి భద్రత, మానసిక ఆరోగ్యం మెరుగైనట్టు తేలింది. ఫోన్ రికార్డుల నుంచి కట్టిన లెక్కలో ఆ మార్పు జాడ కూడా కనపడలేదు. పేదవారిని ఇంచుమించుగా గుర్తుపట్టగలిగిన యంత్రం, వారి కడుపు నిండిందో లేదో చెప్పలేకపోయింది.

తెలుగు నేల మీద ఇలాంటి యంత్రం తీర్పులు చాలాకాలం ఇవ్వనే ఇచ్చింది. తెలంగాణ ప్రభుత్వ ‘సమగ్ర వేదిక’ వేర్వేరు శాఖల రికార్డులను కలిపి, ఈ రేషన్ కార్డులో ఉన్న మనిషీ ఆ రికార్డులో ఉన్న మనిషీ ఒక్కరేనా అని తేల్చే వ్యవస్థ. కారు, ఆస్తి, ఉద్యోగం ఉన్నట్టు తేలినవారికి రేషన్ కార్డు అక్కర్లేదన్నది దాని తర్కం. పేర్లు, చిరునామాలు రకరకాల స్పెల్లింగుల్లో ఉండే చోట ఇది ఎంత జారుడు పనో ఊహించవచ్చు. హైదరాబాద్‌లో ఓ రిక్షా కార్మికుడి పేరు కారున్న మరొకరి పేరుకు దగ్గరగా ఉండడంతో ఆ కుటుంబానికి కార్డు దక్కలేదని అల్ జజీరా 2024లో రాసింది. 2014-2019 మధ్య రాష్ట్రంలో 18 లక్షలకు పైగా కార్డులు రద్దయ్యాయి. వాటిలో యంత్రం వాటా ఎంతో విడిగా తేల్చడం కష్టం. రద్దయిన కార్డులను మళ్లీ విచారించాలని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అలా విచారించినవాటిలో కనీసం 7.5 శాతం తప్పుగా తీసేసినవేనని బయటపడింది.

టోగో యంత్రం లేనివారికి ఇవ్వడానికి వెతికింది, ఇక్కడిది ఉన్నవారిని తీసెయ్యడానికి వెతికింది. లెక్కల పద్ధతిలో తేడా కన్నా ఈ తేడాయే పెద్దది. అక్కడ తప్పు జరిగితే కొత్తగా రావాల్సింది రాకుండా పోతుంది. ఇక్కడ తప్పు జరిగితే ఇంట్లో పొయ్యి మీదకు రావాల్సిన బియ్యం ఆగిపోతాయి. పైగా తన దగ్గర కారు లేదని నిరూపించుకునే పని ఆ మనిషి మీదే పడుతుంది.

అదే తెలంగాణలో ఫోను ఇంకో విధంగానూ పనికొచ్చింది. 2018లో పంట పెట్టుబడి సాయమైన రైతుబంధు చెక్కులు పంచేటప్పుడు ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్‌తాంకర్, జెఫ్రీ వీవర్ ఒక ప్రయోగం చేశారు. లాటరీ పద్ధతిలో ఎంచిన కొన్ని మండలాల్లో అధికారులకు ముందే ఒక మాట చెప్పారు: డబ్బు అందిందా లేదా అని రైతులకే ఫోన్ చేసి అడుగుతాం. ఇందులో అంచనా కట్టే యంత్రమేమీ లేదు. 57 లక్షల మంది రైతులున్న పథకంలో, ఆ మండలాల్లో డబ్బు అందని రైతుల సంఖ్య 7.8 శాతం తగ్గింది. అదనంగా చేరిన ప్రతి రూపాయికీ అయిన ఖర్చు 3.6 పైసలు.