సిబ్మా తోట కొరకు కన్నీరు

(రేడియో సందేశము)
వాక్యభాగము: యెషయా 16:6-10



ఫ్రాన్సు దేశంలో బోర్డో అనే ప్రాంతం ద్రాక్షారసానికి పేరుపొందింది. సుమారు లక్ష హెక్టార్ల తోటలు అక్కడ ఉండేవి. 2023లో ఆ తోటలు కొన్నింటిని వేళ్లతో పెకలించడానికి ప్రభుత్వమే రైతులకు డబ్బిచ్చే పథకం పెట్టింది. అదే సంవత్సరం, దేశంలో అమ్ముడుపోని ద్రాక్షారసాన్ని బట్టీపట్టి స్పిరిట్‌గా మార్చడానికి 20 కోట్ల యూరోలు కేటాయించారు. ఆ స్పిరిట్ చేతులు శుభ్రపరచుకునే మందులకూ, సెంట్లకూ వాడతారు.

ఎందుకీ స్థితి? మొదటిది, తాగేవారు తగ్గారు. 1960 ప్రాంతంలో ఫ్రాన్సులో సగటున ఒక్కొక్కరు ఏడాదికి 100 లీటర్లకు పైగా తాగేవారు. నేడది 40 లీటర్ల దరిదాపుల్లో ఉంది. భోజనంతో పాటు సీసా పెట్టుకునే అలవాటు తాతల తరంతోనే తగ్గిపోయింది. యౌవనస్థులు కొందరు బీరు వైపు మళ్లారు, కొందరు ఆరోగ్యం తలచుకొని మానుకున్నారు. 2024లో ప్రపంచమంతటి వాడకం సుమారు 2,140 కోట్ల లీటర్లు. 1961 తరువాత ఇంత తక్కువ ఎన్నడూ లేదు.

రెండవది, పనివారు తగ్గారు. చలికాలంలో ప్రతి తీగ దగ్గరా వంగి కొమ్మలు కత్తిరించాలి. షాంపేన్ ప్రాంతంలోనైతే నిబంధన ప్రకారం పండ్లను చేతితోనే కోయాలి. ఒక్క కోతకాలానికే లక్షమందికి పైగా కూలీలు కావాలి. 2023 సెప్టెంబరు ఎండల్లో అక్కడ కోత పనివారు కొందరు మరణించారు. 2020 లెక్కల ప్రకారం ఫ్రాన్సు రైతుల సగటు వయస్సు 51 ఏండ్లు. నాటిన తీగ కాపుకు రావడానికే మూడేండ్లు పడుతుంది. ధర పలకని ఆ తోటను ఏ కుమారుడు చేపడతాడు?

"మద్యము తగ్గితే మంచిదే గదా అయ్యగారూ?" అని మీరడుగవచ్చు. మంచిదే. ద్రాక్షారసపు మోసాన్ని గూర్చి సామెతలు 23వ అధ్యాయము హెచ్చరించనే హెచ్చరించింది. తాగుడు వల్ల పాడైన ఇండ్లు మనకు తెలియనివి కావు.

అయితే నేటి వాక్యభాగము చూడండి. మోయాబు గర్వించిన జనము, ఇశ్రాయేలుకు శత్రువు. దానిమీదికి వచ్చిన తీర్పు న్యాయమైనదే. అయినా సిబ్మా ద్రాక్షవల్లులు వాడిపోయినందుకు ప్రవక్త కన్నీరు కార్చాడు. తొట్టి దగ్గర పండ్లు తొక్కేవారి సంతోషధ్వని ఆగిపోయినందుకు ఏడ్చాడు. తీర్పును ప్రకటించిన నోరే, ఆ కూలివాని కొరకు ప్రలాపించింది.

1993లో ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చినప్పుడు తల్లులు ఆనందించారు. అది నీతిగల ఆనందమే. కానీ సారా అమ్మి బ్రతికిన ఇంటివాని గడప ఎంతమంది విశ్వాసులు తొక్కారు? పాపాన్ని ద్వేషించడం మనకు త్వరగానే వచ్చింది. బ్రతుకుతెరువు పోయినవాని పక్కన కూర్చోవడం ఇంకా రాలేదు.

ప్రియులారా, మీ ఊరిలోనూ పిల్లలు పట్నం వెళ్లిపోగా చేనులో ఒంటరిగా మిగిలిన ముసలి రైతు ఉన్నాడు. ఈ వారం అతని ఇంటికి వెళ్లండి. ప్రసంగం చేయకండి, కాసేపు కూర్చోండి. అట్టి కన్నీరు ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.