మీకు తెలుసా? బటన్ల మీద కుస్తీలు, దేశాల మధ్య పోటీలు!

పిల్లలు టీవీ ముందు కూర్చుని టకటకా బటన్లు నొక్కుతుంటే "ఏముందిరా అందులో!" అని ఎప్పుడైనా విసుక్కున్నారా? అయితే వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని ఇవి చదవండి. స్ట్రీట్ ఫైటర్, టెక్కెన్ లాంటి ఫైటింగ్ గేముల్లో దేశాలకు దేశాలే తొడగొట్టి దిగుతున్నాయి. ఎన్నాళ్లుగానో ఏరి దాచుకున్న వింతలివి, మీ ముందు కుమ్మరిస్తున్నాను!

★ ఫైటింగ్ గేముల అతిపెద్ద జాతర 'ఈవో' మొదలైంది 40 మందితో! 1996లో కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో 'బ్యాటిల్ బై ద బే' పేరుతో జరిగిన ఆ చిన్న పోటీయే పెరిగి పెరిగి, 2023లో లాస్ వేగాస్‌లో ఒక్క స్ట్రీట్ ఫైటర్ 6 కోసమే 7,061 మంది పేర్లిచ్చేంతయింది. ఒక తరగతి గదికి సరిపోయే జనం ఒక ఊరికి సరిపోయేంత అయ్యారన్నమాట!

★ 1991లో స్ట్రీట్ ఫైటర్ 2 వచ్చినప్పుడు అందులోని ఓ వస్తాదు దేశం ఆ ఏడాది చివరికల్లా మాయమైపోయింది! జాంగీఫ్ అనే ఆ కుస్తీవీరుడిది సోవియట్ యూనియన్, డిసెంబరులో ఆ దేశమే ముక్కలైంది. ఆటలో మాత్రం ఆయన ఇప్పటికీ ఎర్ర చెడ్డీతో గిరగిరా తిప్పి కొడుతూనే ఉన్నాడు.

★ అదే ఆటలో మనవాడూ ఉన్నాడు, గుర్తున్నాడా? మెడలో పుర్రెల దండ, సాగిపోయే చేతులు, నోట్లోంచి నిప్పు... ధల్సిమ్! ఇండియా తరఫున బరిలో దిగే ఈ యోగి వెనకాల ఏనుగులు నిలబడి ఘీంకరిస్తుంటాయి.

★ 1994లో వచ్చిన కింగ్ ఆఫ్ ఫైటర్స్‌లో ఏకంగా దేశాల జట్లే ఉన్నాయి! జపాన్, అమెరికా, బ్రెజిల్, కొరియా, చైనా, ఇటలీ, మెక్సికో, ఇంగ్లండ్: ఎనిమిది జట్లు, జట్టుకు ముగ్గురు, మొత్తం 24 మంది.

★ ఒకే యోధుడికి జపాన్‌లో ఒక పేరు, అమెరికాలో ఇంకో పేరు! జపాన్‌లో (స్ట్రీట్ ఫైటర్ 2లో) 'ఎం. బైసన్' అనే బాక్సర్ అచ్చం మైక్ టైసన్‌లా ఉండటంతో, దావా వేస్తారేమోనన్న భయంతో అమెరికాకు పంపేటప్పుడు ముగ్గురి పేర్లు అటూ ఇటూ మార్చేశారు. అందుకే రెండు దేశాల ఆటగాళ్లు కలిసినప్పుడు తికమక లేకుండా 'బాక్సర్', 'గోళ్లవాడు', 'నియంత' అని పిలుచుకుంటారు.

★ దెబ్బ మీద దెబ్బ కలిపి కొట్టే 'కాంబో' ఉందే, అది అనుకోకుండా పుట్టింది! అదే ఆటలో కారును బద్దలుకొట్టే బోనస్ స్టేజీని పరీక్షిస్తుంటే ఒక గుద్దులోంచి ఇంకో గుద్దు దూసుకొస్తోందని నిర్మాత ఫునామిజు గమనించాడు. సరే ఉండనీ అని వదిలేశారు. ఈరోజు ఆ కాంబోలు లేని ఫైటింగ్ గేమ్‌ను ఊహించగలమా?

★ జపాన్ ఆర్కేడ్‌లలో ప్రత్యర్థి మొహం కనిపించదు! అక్కడ రెండు యంత్రాలను వీపులు ఆనించినట్టు ఎదురెదురుగా పెడతారు, అమెరికాలో ఒకే యంత్రం ముందు భుజం భుజం రాసుకుంటూ నిలబడి ఆడేవాళ్లు. ఇక్కడ మా బస్టాండు పక్క వీడియో గేమ్ షాపులోనూ అమెరికా పద్ధతే: ఒక చేత్తో జాయ్‌స్టిక్, ఇంకో చేత్తో బటన్లు, మోచేత్తో పక్కవాణ్ని నెట్టడం!

★ జాయ్‌స్టిక్ పట్టుకుని చూస్తే అది ఏ దేశానిదో చెప్పేయొచ్చు! జపాన్ స్టిక్ లోపల స్ప్రింగు, పైన గుండ్రటి బంతి; కొరియా స్టిక్ లోపల బిగుతైన రబ్బరు.

★ టెక్కెన్‌లో మెరుపులా వెనక్కి జరిగే కదలికకు ఒక దేశం పేరే పెట్టేశారు: 'కొరియన్ బ్యాక్‌డాష్'! వెనక్కి వేసిన గెంతును సగంలో తెంచి మళ్లీ గెంతడం, మళ్లీ తెంచి మళ్లీ గెంతడం... కొరియావాళ్లు దాన్ని నీళ్లు తాగినంత తేలిగ్గా చేసేవారు.

★ సెకనును 60 ముక్కలు చేస్తే ఒక్కో ముక్క ఒక 'ఫ్రేమ్'. చురుకైన గుద్దు నాలుగు ఫ్రేముల్లో తగిలేస్తుంది! అంటే సెకనులో పదిహేనో వంతు. మరి చూశాక అడ్డుకోవడం ఎలా? కుదరదు, అవతలివాడి మనసు ముందే చదవాలి.

★ 1998లో పదిహేడేళ్ల జపాన్ కుర్రాడు శాన్‌ఫ్రాన్సిస్కోకు వచ్చి అమెరికా మేటి అలెక్స్ వాలేను ఓడించి వెళ్లాడు! ఆ కుర్రాడి పేరు దైగో ఉమెహారా. అమెరికా, జపాన్‌ల పోటీలో రాజుకున్న నిప్పు అది, తర్వాత అందరూ ఆయన్ని 'బీస్ట్' అనడం మొదలుపెట్టారు.

★ ఇక అన్నిటికన్నా నాకు ఇష్టమైనది! 2004, ఈవో, స్ట్రీట్ ఫైటర్ 3. దైగోకు మిగిలింది నూలుపోగంత ప్రాణం. అడ్డుకున్నా చస్తాడు, ఎందుకంటే పెద్ద దెబ్బను అడ్డుకుంటే కూడా కొంచెం ప్రాణం తగ్గుతుంది, ఆయన దగ్గర ఆ కొంచెం కూడా లేదు. అమెరికా ఆటగాడు జస్టిన్ వాంగ్ వరసగా 15 కాలితాపులు విసిరాడు. దైగో ఒక్కటీ తప్పకుండా పదిహేనింటినీ 'ప్యారీ' చేశాడు! ప్యారీ అంటే దెబ్బ తగిలే క్షణానికే స్టిక్‌ను శత్రువు వైపుకే తోయడం. పారిపోవడం కాదు, ఎదురెళ్లడం! పైగా మొదటి దెబ్బకు, అది మొదలవుతున్నట్టు కనిపించకముందే తోయాలి. చివరి తాపును గాల్లోకి ఎగిరి ఆపి, దిగుతూనే ఎదురుదాడి చేసి గెలిచాడు. హాల్లో కుర్చీల్లో ఒక్కరూ లేరు, అందరూ లేచి అరుస్తున్నారు. ఆ వీడియో చూసిన ప్రతిసారీ నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది!

★ ఆ పోరులో జపాన్ వాడు ఆడింది అమెరికా యోధుడు కెన్‌తో, అమెరికా వాడు ఆడింది చైనా యోధురాలు చున్-లీతో! దేశాభిమానం అంతా ఆటగాడిలోనే, బొమ్మలో కాదు.

★ ఆ ఘట్టాన్ని అందరూ 'ఈవో మూమెంట్ 37' అంటారు. మరి మిగతా 36 ఏవి? అసలు లేవు! వీడియోకు పేరు పెట్టినతను ఇలాంటి గొప్ప ఘట్టాలు ఇంకా బోలెడున్నాయనిపించాలని నోటికొచ్చిన అంకె వేశాడు.

★ ఇంకో చిక్కుప్రశ్న: అంత చేసిన దైగో ఆ టోర్నమెంటు గెలిచాడా? లేదు! ఫైనల్లో తన దేశంవాడే అయిన కెన్జీ ఒబాటా చేతిలో ఓడాడు. విజేత పేరు కొందరికే గుర్తు, ఆ పదిహేను దెబ్బలు మాత్రం అందరికీ గుర్తే.

★ ఆ దైగో కొన్నేళ్లు ఆటలే వదిలేసి వృద్ధుల సంరక్షణ కేంద్రంలో పనిచేశాడు! ముసలివాళ్లకు సేవచేస్తూ గడిపి, స్ట్రీట్ ఫైటర్ 4 రావడంతో తిరిగొచ్చి 2009, 2010 ఈవోలు వరసగా గెలిచేశాడు. 2015లో స్ట్రీట్ ఫైటర్ కంపెనీ పోటీ అయిన క్యాప్‌కామ్ కప్‌లో రెండోస్థానానికి వచ్చిన 60,000 డాలర్లనూ న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో గేములు చదివేవాళ్ల స్కాలర్‌షిప్‌కు ఇచ్చేశాడు.

★ 2009 నుంచి 2025 దాకా లాస్ వేగాస్‌లో జరిగిన 15 ఈవోల్లో స్ట్రీట్ ఫైటర్ కిరీటం ఎన్ని దేశాలు తిరిగిందో చెప్పగలరా? ఎనిమిది! జపాన్ ఏడుసార్లు, కొరియా రెండుసార్లు, సింగపూర్, ఫ్రాన్స్, బ్రిటన్, యూఏఈ, అమెరికా, డొమినికన్ రిపబ్లిక్ ఒక్కోసారి.

★ వింత ఏమిటంటే ఇల్లు అమెరికాది, విందు మాత్రం పరాయివాళ్లది! 2009 నుంచి చూస్తే సొంతగడ్డ మీద ఆ కిరీటం కోసం అమెరికా 2024 దాకా ఆగాల్సి వచ్చింది. గెలిచింది 'పంక్' విక్టర్ వుడ్లీ, 2017 ఫైనల్లో ఓడి స్టేజీ మీదే కన్నీళ్లు పెట్టుకున్న ఆ కుర్రాడే.

★ ఆ 2017లో పంక్‌ను ఓడించిన 'టోకిడో' టోక్యో విశ్వవిద్యాలయం పట్టభద్రుడు! మనకు ఐఐటీ ఎలాగో వాళ్లకది అలాగ. ఇక 'టోకిడో' అన్న పేరంటారా, ఎగురు, తన్ను, ఏమైంది అనే అర్థమొచ్చే జపాన్ మాటల తొలి అక్షరాలు కలిపింది. ఆయన అదేపనిగా అలాగే ఆడేవాడట!

★ 2013లో గెలిచిన సింగపూర్ విశాఖపట్నం జిల్లా కన్నా చిన్నది! షియాన్ అనే ఆటగాడు, పెద్దగా ఎవరూ తీసుకోని ముసలి యోధుడు 'జెన్'తో టోకిడోను ఓడించాడు.

★ 2014లో ఫ్రాన్స్ ఆటగాడు లఫీ దేనితో గెలిచాడో తెలుసా? 1990ల నాటి మొదటి ప్లేస్టేషన్ కంట్రోలర్‌తో! చుట్టూ అందరూ ఖరీదైన ఆర్కేడ్ స్టిక్కులతో కూర్చుంటే, అలవాటైన పాతదాన్నే తెచ్చుకుని యూరప్‌కు తొలి ఈవో స్ట్రీట్ ఫైటర్ కిరీటం తీసుకెళ్లాడు.

★ 2015 ఫైనల్లో జపాన్ ఆటగాడు మొమొచి స్టిక్ సరిగ్గా ఆఖరి ఆటలో చచ్చిపోయింది! ఆట ఆగితే రూలు ప్రకారం రౌండు పోయినట్టే. రౌండు ఇచ్చేసి, స్టిక్ మార్చుకుని, తైవాన్ ఆటగాడు గేమర్‌బీ మీద గెలిచాడు.

★ 2017 క్యాప్‌కామ్ కప్ గెలిచింది డొమినికన్ రిపబ్లిక్ నుంచి వచ్చిన 18 ఏళ్ల మేనాఆర్‌డీ! గెలిస్తే వచ్చేది రెండున్నర లక్షల డాలర్లు. ఆ కప్పు మరోసారీ గెలిచాడు, 2025 ఈవో కూడా ఆయనదే.

★ ఇక లాహోర్ కుర్రాడి కథ! 2019 ఫిబ్రవరి దాకా టెక్కెన్ అంటే కొరియా, జపాన్. అప్పుడు అర్స్‌లాన్ యాష్ అనే పాకిస్తాన్ కుర్రాడు జపాన్‌లోని ఫుకువోకాలో జరిగే ఈవోకు బయల్దేరాడు. వీసా చిక్కులు, విమానం మీద విమానం. దారిలో ఎయిర్‌పోర్టులో పాకిస్తాన్ రూపాయలు మార్చేవాళ్లు లేక, చేతిలో డబ్బుండీ తిండి కొనుక్కోలేకపోయాడు! ఖాళీ కడుపుతో, నిద్రలేని కళ్లతో చేరి, కప్పు గెలిచేశాడు. అదే ఏడాది ఆగస్టులో లాస్ వేగాస్‌లోనూ గెలిచాడు, అదీ కొరియా దిగ్గజం 'నీ'ని ఓడించి. 2024 నాటికి ఆయన ఈవో కిరీటాలు ఐదు!

★ అర్స్‌లాన్ గెలవగానే ఏం చెప్పాడు? తనలాంటి గట్టివాళ్లు తన దేశంలో ఇంకా ఉన్నారని! ఆ మాటేదో తేల్చుకుందామని 'నీ' స్వయంగా లాహోర్ వెళ్లి కూర్చుని ఆడాడు. నిజమే, అక్కడి కుర్రాళ్ల చేతిలో బాగానే దెబ్బలు తిన్నాడు. ఓడినవాడు నేర్చుకోవడానికి ప్రత్యర్థి ఇంటికే వెళ్లడం, ఎంత ముచ్చటగా ఉంది!

★ 2018 ఈవోలో డ్రాగన్‌బాల్ ఫైటర్‌జీ ఫైనల్ మధ్యలో సీట్లు మారాయి! అమెరికా ఆటగాడు సోనిక్‌ఫాక్స్ అలవాటైన వైపు కావాలని అడిగి, మారి కూర్చుని, జపాన్ ఆటగాడు గోఇచి మీద గెలిచాడు. ఊపు తెగ్గొట్టడానికే అన్నారు కొందరు, 2019లో గోఇచి బాకీ తీర్చేసుకున్నాడు!

★ 2001లో వచ్చిన స్మాష్ బ్రదర్స్ మెలీ ఆటను పోటీల్లో పాత డబ్బా టీవీల మీదే ఆడుతూ వచ్చారు! కొత్త టీవీల్లో బటన్ నొక్కాక బొమ్మ కదలడం లిప్తపాటు ఆలస్యమవుతుంది, అది వీళ్లకు పనికిరాదు. 2015, 2017, 2018 ఈవోల్లో ఆ ఆట గెలిచిందంతా స్వీడన్‌వాళ్లే!

★ ఆసియా క్రీడల్లో స్ట్రీట్ ఫైటర్ ఆటకూ పతకాలిచ్చారు! 2023లో హాంగ్‌జౌలో స్ట్రీట్ ఫైటర్ 5 స్వర్ణం గెలిచిన కొరియా ఆటగాడు కిమ్ గ్వాన్-వూ వయసు 44. ఈ-స్పోర్ట్స్‌లో కొరియాకు అదే తొలి బంగారం! మన దేశం నుంచి మయాంక్ ప్రజాపతి, అయాన్ బిశ్వాస్ బరిలో దిగారు.

★ 44 ఏళ్లవాడికి స్వర్ణమా అనుకుంటున్నారా? 2025 మార్చిలో క్యాప్‌కామ్ కప్ ఫైనల్‌కు వచ్చిన చిలీ కుర్రాడు బ్లాజ్‌కు పదిహేనేళ్లు! ఆ పోటీ జరిగింది టోక్యోలో సుమో యోధులు తలపడే రియోగోకు కోకుగికాన్‌లో, కప్పు మాత్రం జపాన్ ఆటగాడు కకేరుకు దక్కింది.

★ 2024లో తైవాన్ ఆటగాడు ఊమా ఆ కప్పు గెలిచి పట్టుకెళ్లింది పది లక్షల డాలర్లు! మన లెక్కలో ఎనిమిది కోట్ల పైమాటే.

★ 'ముస్తఫా' గేమ్ ఆడని తెలుగు కుర్రాడు ఆ రోజుల్లో ఉన్నాడా? దాని అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్, స్ట్రీట్ ఫైటర్ తయారుచేసిన క్యాప్‌కామ్ కంపెనీదే! బిళ్ల వేసి, అందులోని ముస్తఫా పాత్ర నాకంటే నాకని కొట్టుకున్నవాళ్లంతా చేతులెత్తండి.

★ అమెరికా ఆటగాడు మైక్ బేగమ్ నోటితో, ముఖంతో కంట్రోలర్ నొక్కి ఆడేవాడు! పుట్టుకతోనే కీళ్లు బిగుసుకుపోయిన ఈయన 'బ్రాలీలెగ్స్' పేరుతో చున్-లీని ఆడుతుంటే రెండు చేతులతో ఆడేవాళ్లు హడలిపోయేవారు.

★ నెదర్లాండ్స్ ఆటగాడు స్వెన్‌కు చూపే లేదు! అడుగుల చప్పుడు, ఎగిరినప్పటి శబ్దం, గుద్దు శబ్దం... చెవులతో విని ఎవరు ఎక్కడున్నారో పట్టేస్తాడు. 2023లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 6లోనైతే ప్రత్యర్థి ఎంత దూరంలో ఉన్నాడో చెప్పే ప్రత్యేక శబ్దాలు కూడా పెట్టారు. ఈసారి మీ ఇంట్లో ఆడేటప్పుడు కళ్లకు ఓ రుమాలు కట్టుకుని చూడండి, ఎన్ని సెకన్లు నిలబడతారు?