పిల్లిగారి హెచ్-ఇండెక్స్

ఏటా వానలు తగ్గుముఖం పట్టే వేళకి జిల్లా ఎడిషన్లలో ఒక వార్త తప్పకుండా కనిపిస్తుంది. ఫలానా యూనివర్సిటీ ఆచార్యులు ప్రపంచంలోని అగ్రశ్రేణి రెండు శాతం శాస్త్రవేత్తల్లో చోటు సంపాదించారని, పక్కనే శాలువా కప్పుతున్న ఫొటో. స్టాన్‌ఫర్డ్‌లో పనిచేసే జాన్ ఐయోనిడిస్ బృందం స్కోపస్ అనే పరిశోధన పత్రాల డేటాబేస్‌తో ఈ జాబితా తయారుచేస్తుంది. ఆరు లెక్కలు కలిపి ఒక మార్కు వేస్తారు, వాటిలో ఒకటి హెచ్-ఇండెక్స్. "మా అల్లుడి గైడుగారి హెచ్-ఇండెక్స్ 31 అట. అది గొప్పేనా? అసలు అది దేన్ని కొలుస్తుంది?" అని ఒక పాఠకురాలు అడిగారు. రెండో ప్రశ్నను వదిలిపెట్టడం నా వల్ల కాలేదు. దాని జవాబు రామానుజన్ వాకిలి దాకా వెళ్తుంది మరి.

ముందు అవసరమైన నాలుగు ముక్కలు. ఒక పేపరు ఇంకో పేపరును ప్రస్తావిస్తే అది ఒక సైటేషన్. వీటిని పోగుచేసి 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ పేరుతో అచ్చువేసింది ఫిలడెల్ఫియాలోని యూజీన్ గార్‌ఫీల్డ్ సంస్థ. పత్రికలకు మార్కులేసే ఇంపాక్ట్ ఫ్యాక్టర్ కూడా ఆయన చలవే. గత రెండేళ్లలో ఆ పత్రిక వేసిన పేపర్లకు ఈ ఏడాది సగటున ఎన్ని సైటేషన్లు వచ్చాయన్నదే ఆ మార్కు. సగటును తలకిందులు చేయడానికి ఒక్క పేపరు చాలు. యాక్టా క్రిస్టలోగ్రాఫికా-ఎ అనే పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 2008లో 2 చిల్లర, 2009లో దాదాపు 50! స్ఫటికాల నిర్మాణం తేల్చడానికి లోకమంతా వాడే షెల్‌ఎక్స్ ప్రోగ్రాముల చరిత్రను వాటి కర్త జార్జ్ షెల్డ్రిక్ 2008లో అందులో రాశారు. ప్రోగ్రాము వాడిన వాళ్లంతా ఆ వ్యాసాన్నే ఉదహరించారు. రెండేళ్ల గడువు దాటగానే పత్రిక మళ్లీ 2 దగ్గరికి వచ్చి కూర్చుంది.

మనుషులకు మార్కులేసే పద్ధతిని 2005లో కాలిఫోర్నియాలోని భౌతికశాస్త్రవేత్త హోర్హే హిర్ష్ ప్రతిపాదించారు. దాన్ని అర్థం చేసుకోవడానికి చుక్కల ముగ్గు వేద్దాం. ఒక్కో పేపరుకు ఒక్కో వరుస, ఒక్కో సైటేషన్‌కు ఒక్కో చుక్క. పొడుగు వరుస పైన, పొట్టివి కింద, అన్నీ ఎడమ అంచుకు ఆనాలి. ఇప్పుడు పై ఎడమ మూలలో పట్టే అతి పెద్ద చతురస్రం గీయండి. దాని భుజంలో ఎన్ని చుక్కలుంటే హెచ్ అంత. హెచ్ 31 అంటే కనీసం 31 సైటేషన్లు వచ్చిన పేపర్లు 31 ఉన్నాయన్నమాట.

గణితంలో ఈ చతురస్రం కొత్తదేం కాదు. 1880ల్లోనే జాన్స్ హాప్కిన్స్‌లో గణితవేత్త సిల్వెస్టర్ శిష్యుడు విలియం డర్ఫీ దీన్ని పట్టుకున్నాడు, ఇప్పటికీ దాని పేరు డర్ఫీ చతురస్రమే. ఒక సంఖ్యను ముక్కలుగా విడగొట్టే విభజనల లెక్కలో అది పనిముట్టు. 5ను ఏడు రకాలుగా విడగొట్టవచ్చు: 5, 4+1, 3+2, 3+1+1, 2+2+1, 2+1+1+1, 1+1+1+1+1. ఒక పరిశోధకుడికి వచ్చిన 5 సైటేషన్లను అతని పేపర్ల మధ్య పంచగలిగిన రకాలు కూడా సరిగ్గా ఇవే. వీటిలో 3+2, 2+2+1 అనే రెండింటికే హెచ్ 2, మిగతా అయిదింటికీ 1. సంఖ్య పెరిగేకొద్దీ విభజనలు ఎలా విరగబడి పెరుగుతాయో 1918లో హార్డీతో కలిసి సూత్రం కట్టింది మన రామానుజనే. 100కే 19 కోట్లకు పైగా ఉన్నాయి.

అసలు రుచి ఇక్కడుంది. ఆ కోట్ల విభజనలన్నిటికీ డర్ఫీ చతురస్రాలు గీసి చూస్తే అవి చెల్లాచెదురుగా ఉండవు. దాదాపు అన్నీ ఒకే కొలత చుట్టూ గుమిగూడతాయి: మొత్తం చుక్కల వర్గమూలానికి 0.54 రెట్లు. 2014లో అలెగ్జాండర్ యాంగ్ అనే గణితవేత్త ఈ సంగతిని హెచ్-ఇండెక్స్‌కు ముడిపెట్టి, ఫీల్డ్స్ పతకం పొందిన వాళ్ల లెక్కలతో సరిచూశాడు. చాలామందికి దగ్గరగానే కుదిరింది. హిర్ష్ కూడా తన మొదటి పేపర్లోనే, మొత్తం సైటేషన్లు హెచ్ వర్గానికి 3 నుంచి 5 రెట్లుంటాయని గమనించారు. విభజనల గణితం చెప్పేది సుమారు 3.4 రెట్లు. అంటే పాఠకురాలి అల్లుడి గైడుగారికి మొత్తం మూడు వేల పైచిలుకు సైటేషన్లు ఉండి ఉంటాయని పేపర్లు చూడకుండానే ఊహించవచ్చు. పరిశోధకుడి స్థాయిని కొత్తగా తూచే సాధనమని దేశదేశాల కమిటీలు నెత్తిన పెట్టుకున్న అంకె, చాలావరకు మొత్తం సైటేషన్ల వర్గమూలానికి మారువేషం! ఇక గొప్పేనా అంటే, శాఖ తెలియకుండా చెప్పలేం. వైద్యంలో సైటేషన్లు కుప్పలుగా పడతాయి, గణితంలో చినుకుల్లా రాలతాయి.

మారువేషం కుదరని చోట మాత్రం తమాషా ఉంది. 2024లో అమెరికాలో పీహెచ్‌డీ చేస్తున్న రీస్ రిచర్డ్‌సన్, నిక్ వైజ్ అనే మిత్రుడితో కలిసి, తన అమ్మమ్మగారి పిల్లి ల్యారీని గూగుల్ స్కాలర్‌లో శాస్త్రవేత్తను చేశాడు. పిల్లి పేరుతో 12 చెత్త పేపర్లు, ఆ పన్నెండింటినీ ఉదహరిస్తూ మరో 12 పేపర్లు. మొత్తం సైటేషన్లు 144, హెచ్-ఇండెక్స్ 12. డబ్బు తీసుకుని సైటేషన్లు పెంచిపెట్టే దుకాణాలు ఇదే పని చేస్తున్నాయని చూపించడం వాళ్ల ఉద్దేశం. నాకు ముచ్చటేసింది ముగ్గును చూసి. 144 చుక్కలున్న సహజమైన ముగ్గులో హెచ్ 6 లేదా 7 ఉండాలి. ల్యారీది అచ్చంగా చతురస్రం, ఒక్క చుక్క కూడా బయటికి పోలేదు. వర్గమూలాన్ని దాటి హెచ్ ఎలాగూ పెరగలేదు కాబట్టి పిల్లిగారు గరిష్ఠం అందుకున్నారు. నిజమైన పరిశోధకుడి ముగ్గు ఇంత పొదుపుగా ఉండదు. పైన ఒకటి రెండు వరుసలు ఆ చివరికి సాగిపోతాయి, కింద ఎవరూ పట్టించుకోని పొట్టి వరుసల తోక ఉంటుంది.

ఆ సాగిపోయిన వరుసలనే హెచ్ చూడదు. సంఖ్యాశాస్త్రవేత్త సి.ఆర్. రావుగారి సంగతే తీసుకోండి. ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివి కలకత్తా చేరిన పాతికేళ్ల కుర్రవాడు 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో వేసిన ఒక్క పేపర్లో క్రామెర్-రావు అవధి ఉంది, రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం ఉంది, తర్వాత సమాచార జ్యామితిగా పెరిగిన శాఖకు మొలక ఉంది. ఇన్నీ కలిసి ముగ్గులో ఒక్క వరుస. అంతేకాదు, క్రామెర్-రావు అవధి వాడేవాళ్లలో చాలామంది ఆ పేపరును ఉదహరించరు. పేరే పాఠ్యపుస్తకంలోకి చేరిపోయాక ఇక చుక్క పెట్టేదెవరు?

ఇలాంటి మార్కుల ఉపయోగాల గురించి కూడా రాయాలి కదా. యూజీసీ 2010లో అధ్యాపకుల పనితీరును తూచే ఏపీఐ మార్కులు తెచ్చింది, పేపర్లు పెరిగాయి, వాటిని వేయడానికి డబ్బు తీసుకునే పత్రికలూ పెరిగాయి. వాటిని ఏరడానికి నమ్మదగ్గ పత్రికలతో కేర్ జాబితా పెట్టింది, 2025లో దాన్నీ ఎత్తేసింది. ఇంతకు మించి రాయాలని లేదు.

హిర్ష్ సైతం 2020లో తన కొలత మీద విసుగు వెళ్లగక్కారు. విద్యుత్తు నిరోధమే లేకుండా పారే సూపర్‌కండక్టివిటీ విషయంలో ఆయనవి ఏటికి ఎదురీదే అభిప్రాయాలు. అలాంటి పనికి హెచ్-ఇండెక్స్ న్యాయం చేయదని ఆయన బాధ. అదే ఏడాది గది ఉష్ణోగ్రతలో సూపర్‌కండక్టర్ దొరికిందని నేచర్‌లో ఒక పేపరు వచ్చింది. దాని డేటాను పట్టువదలకుండా నిలదీసిన వాళ్లలో హిర్ష్ ముందున్నారు. 2022లో నేచర్ దాన్ని ఉపసంహరించుకుంది. ఈలోగా ఆ పేపరుకు వందల చుక్కలు పడ్డాయి. పొగిడినవీ తెగిడినవీ అన్నీ ఒకే లెక్కలోకి వెళ్లాయి, హిర్ష్ తిడుతూ పెట్టిన చుక్కలతో సహా.