వెబ్ డైరెక్టరీలో ఒక చోటు

మలక్‌పేటలో మూసారాంబాగు వైపు ఇళ్ల గుమ్మముల మీది నంబర్లను చూచినచో, అనేకము 16-11తో మొదలగుట కనిపించును. మొదటి అంకె వార్డును, రెండవది ఆ వార్డులోని బ్లాకును, పిమ్మటిది ఇంటిని తెలుపును. ఇల్లు భాగములైనచో "బై" అని మరియొక అంకెను చేర్చుదురు. పెద్ద భాగములో చిన్న భాగము, దానిలో మరింత చిన్నది — ఇట్టి అమరికకు కంప్యూటరు శాస్త్రములో వృక్షమని పేరు. వెబ్ డైరెక్టరీ కూడ ఇట్టి వృక్షమే. అయితే ఇల్లు ఉన్నచోటనే ఉండును; వెబ్‌సైటు ఏ వీధిలోను ఉండదు. దానిని ఏ కొమ్మపై ఉంచవలెనో ఎవరో ఒకరు నిర్ణయింపవలెను.

1994లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థులు జెర్రీ యాంగ్, డేవిడ్ ఫైలో తమకు నచ్చిన సైట్లను పట్టికగా వ్రాసికొనిరి. అదియే యాహూ డైరెక్టరీ అయినది. 1998లో రిచ్ స్క్రెంటా, బాబ్ ట్రూయెల్ మొదలిడిన మరియొక డైరెక్టరీని నెట్‌స్కేప్ సంస్థ ఆ ఏడే కొన్నది. డీమోజ్ అను పేరుతో ప్రసిద్ధమైనది ఇదే. యాహూ వ్యాపార సైట్లనుండి ఏటా 299 డాలర్లు వసూలు చేసిన రోజులున్నవి. డీమోజ్‌లో రుసుము లేకుండెను, సంపాదకులకు జీతమూ లేకుండెను.

మలక్‌పేట ఉపాధ్యాయుడొకడు భౌతికశాస్త్ర ప్రయోగములను తెలుగులో వ్రాసి, స్వంత సైటులో ఉంచినాడనుకొందము. డీమోజ్‌కు అతడు సైటు చిరునామా, పేరు, ఒకటి రెండు వాక్యముల వివరణ పంపవలసియుండెను. అంతకుముందే తగిన కొమ్మను వెదకికొనవలసియుండెను. చిక్కు ఇక్కడనే. భాషల కొమ్మలో తెలుగు ఉండెను. ప్రదేశముల కొమ్మలో భారతదేశము, దాని క్రింద హైదరాబాదు ఉండెను. విజ్ఞానశాస్త్రమునకు వేరే కొమ్మ ఉండెను. అన్నిటికీ పంపుట నియమవిరుద్ధముగా ఉండెను. చదువరి ఎవడో, అతడు ఏ త్రోవన వచ్చునో ఆలోచించినచో తెలుగు కొమ్మయే తగినదని తేలెడిది.

వివరణలో "సర్వోత్తమమైన సైటు" అని వ్రాసినచో సంపాదకుడు కొట్టివేసెడివాడు. "ఉన్నత పాఠశాల విద్యార్థులకు తెలుగులో భౌతికశాస్త్ర ప్రయోగములు" అన్నది చాలెడిది. (ఈ ఒక్క వాక్యము వ్రాయుటయే ప్రయోగము వ్రాయుటకంటె కష్టమని కొందరికి తోచవచ్చును.) సంపాదకుడు సైటును స్వయముగా తెరచి చదివిన పిదపనే చేర్చెడివాడు. చేర్చి తీరవలెనని లేకుండెను. ఇంత గడువులోనని కూడ లేకుండెను. తొందరపడి మరల పంపినచో వరుసలో వెనుకకు పోవు ప్రమాదము ఉండెను.

మనిషి తెరచి చదువుట తెలుగునకు ఒకప్పుడు మిక్కిలి అవసరమైనది. ఆనాటి తెలుగు సైట్లు పెక్కింటిలో ఫైలునందు నిజముగా ఉన్నవి ఇంగ్లీషు అక్షరముల సంకేతములే. వాటిపై ఫాంటు తెలుగు రూపములను తొడిగెడిది. ఒక్కొక్క పత్రికది ఒక్కొక్క ఫాంటు. కంటికి "అయస్కాంతము" అని కనిపించినను, వెదకు యంత్రమునకు అది అర్థములేని ఇంగ్లీషు అక్షరముల గుంపు. సంపాదకుని వివరణ లేనిదే ఆ పాఠము దొరకు దారి దాదాపు లేదు.

యూనికోడ్ ఈ స్థితిని మార్చినది. దానిలో తెలుగునకు 3072 నుండి 3199 వరకు 128 స్థానములు గలవు. "అ" సంఖ్య 3077, "క" సంఖ్య 3093. ఏ ఫాంటులోనైనను ఈ సంఖ్యలు మారవు. 1991 నాటి తొలి కూర్పులోనే తెలుగు ఉన్నను, 2001లో విండోస్ ఎక్స్‌పితో గౌతమి ఫాంటు వచ్చిన పిమ్మటనే సామాన్యుల కంప్యూటర్లలో వాడుక పెరిగినది. యంత్రము తెలుగును చదువగలిగినది.

వెబ్ పెరిగిన వేగమును మనుష్యులు అందుకొనలేకపోయిరి. యాహూ డైరెక్టరీ 2014 చివర మూతబడినది. డీమోజ్ 2017 మార్చి 17న ఆగిపోవునాటికి 38 లక్షలకు పైగా సైట్లు, 10 లక్షలకు మించిన వర్గములు దానిలో ఉండెను. దాని సంపాదకులు కొందరు కర్లీ అను పేరుతో ఆ పనిని కొనసాగించిరి.

నేడు ఆ ఉపాధ్యాయుడు తన పుటల పట్టికను సైట్‌మ్యాప్ అను ఫైలుగా కూర్చి, వెదకు యంత్రమునకు తెలుపవచ్చును. అది పుటలను తెచ్చుకొని పదములను సూచికలో చేర్చుకొనును, చేర్చుకొనక పోవచ్చును కూడ. ఇతర సైట్లనుండి లంకెలున్నచో త్వరగా కనుగొనును. ప్రయోగములో తీగను తప్పు కొనకు కలిపినట్లు వ్రాసియున్నను, మిగిలిన పదములతోపాటు దానిని కూడ చేర్చుకొనును.